ఆరో అంతస్తు కొట్టుగది

ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఇరవై తొమ్మిది డిగ్రీల ఉక్క, పడమటి గాలిలో సన్నని జల్లు, పక్కగది రేడియోలో భారీ వానకు పసుపు రంగు హెచ్చరిక. ఫుంగ్ సౌ-చింగ్ తన గది తలుపు మూసి, బయటి గొళ్ళేనికి తాళంకప్ప తగిలించింది. అరచేయంత తాళంకప్ప. షామ్ షుయ్ పో పేటలోని పాతసామాన్ల బజారులో తుప్పు చూసి మరీ కొన్నది. మూసేటప్పుడు బొటనవేలు ఆన్చి గట్టిగా నొక్కాలి. నొక్కే చోట మాత్రం తుప్పు పోయి ఇనుము బయటపడింది. తరువాత తలుపుకు అడ్డంగా విరిగిన బల్లఫ్యానును జరిపింది, దాని పక్కన బకెట్టు పెట్టి, ఆ బకెట్టులో చీపురు నిలబెట్టింది. రెండడుగులు వెనక్కు వేసి చూసింది. మనిషి ఉండే గదిలా లేదు. అదే కావలసింది.

తలుపుకు లోపలి తాళం ఉంది, మంచిదే. కాని ఆ తాళమొక్కటే వేస్తే గదిలో మనిషి ఉంటున్నట్టు తెలిసిపోతుంది.

"వదినా, వెళ్ళొస్తా," అంది నడవలో ఎదురుగా ఉన్న తలుపు వైపు తిరిగి.

మూయి వదిన గరిటె చేతిలో పట్టుకునే బయటికి వచ్చింది. గంజి వాసన ఆమె వెంట వచ్చింది. "ఏం, ఇవాళ పరీక్ష పెట్టవా?"

"సరే. ఎదురుగదిలో ఎవరుంటారండీ?"

"ఎలకలండీ."

"వదినా!"

"ఉండవే. కొట్టుగదండీ. ఇనప సామానండీ. తాళంచెవి ఓనరు దగ్గరుందండీ. చాలా? పెళ్ళిచూపులప్పుడు కూడా ఇన్ని అబద్ధాలు ఆడలేదు నేను."

"ఆడిందిలే. తనకి వంటొచ్చని చెప్పింది," అన్నాడు లోపలినుంచి ఆమె భర్త. పక్షవాతం తరువాత ఆయన మాట సగమే బయటికి వచ్చేది, నవ్వు ముఖానికి ఒక పక్కనే పూసేది. ఆసుపత్రి నుంచి ఇద్దరు కూలీలు ఆయనను కుర్చీతో సహా ఈ ఆరో అంతస్తుకు మోసుకొచ్చారు. ఆ తరువాత ఆయన వీధి చూడలేదు. మెట్లు నిటారుగా ఉంటాయి, మలుపుల దగ్గర ఇరుకు. కిందికి దించాలంటే మళ్ళీ ఇద్దరు కావాలి. ఇద్దరిని పిలవడానికి ఒక కారణం కావాలి.

ఈ పరీక్షకు మూలం రెండేళ్ళ కిందటి సంఘటన. పక్క భవనంలో భవన తనిఖీవాళ్ళు వచ్చి, అనుమతి లేకుండా చెక్కగోడలతో విడగొట్టిన గదులు చూశారు. ఓనరుకు నోటీసు ఇచ్చారు. ఓనరు వారంలోగా అందరినీ వీధిన పెట్టాడు. సౌ-చింగ్ గది కూడా అలా విడగొట్టినదే. ఒకే ఇంటిని రెండు చేసినప్పుడు కిటికీలన్నీ మూయి వదిన వైపు వెళ్ళాయి. ఆనాటి నుంచి తాళంకప్ప, ఫ్యాను, చీపురు. నోటీసు భయంతో ఓనరు కూడా అడిగినవాళ్ళకు అది కొట్టుగదనే చెప్పేవాడు. మూయి వదినకు అబద్ధం అబ్బదు. ఎవరైనా అడిగితే ముందు చెవులు ఎర్రబడతాయి, తరువాత నవ్వొస్తుంది. అందుకని సౌ-చింగ్ ఆమెకు ఆ మూడు వాక్యాలు బట్టీ పట్టించింది. రోజూ వెళ్ళేముందు ఒకసారి అప్పజెప్పించుకునేది.

సౌ-చింగ్ పనిచేసేది నగర పునర్నిర్మాణ సంస్థ కార్యాలయంలో, ఇరవయ్యారో అంతస్తున, టీగదిలో. పాత వీధులు కొని, కూల్చి, ఖాళీ స్థలాన్ని భవన నిర్మాతలకు అమ్మి, ఆ సొమ్ముతో మరో పాత వీధి కొనే సంస్థ అది. సౌ-చింగ్ పంతొమ్మిదో ఏట సరిహద్దు అవతలి తైషాన్ నుంచి ఈ నగరానికి వచ్చింది. ప్లాస్టిక్ పూల కర్మాగారంలో చామంతి రేకులు అతికించింది. కర్మాగారాలు ఒక్కొక్కటిగా సరిహద్దు అవతలికి తరలిపోయినప్పుడు ఆమె వాటితో తిరిగి పోలేదు. ట్రాలీ తోసే పని దొరికింది. ఎవరికి చక్కెర వద్దో, ఎవరికి పాలు చిక్కగా కావాలో, ఎవరు కోపం వస్తే గోరువెచ్చని నీళ్ళు అడుగుతారో ఆమెకు తెలుసు. ఆమె ఎక్కడ ఉంటుందో అక్కడ ఎవరికీ తెలియదు. దాచిందని కాదు, ఎవరూ అడగలేదు. ప్రభుత్వ గృహం కోసం ఒంటరివాళ్ళ వరుసలో పేరు నమోదు చేసుకుని చాలా కాలమైంది. ఏటా ఆ కార్యాలయానికి ఫోను చేసేది. ఏటా అవతలి గొంతు మారేది, జవాబు మారేది కాదు.

ఆ రోజు సంస్థ వార్షిక లెక్కలు పత్రికలవాళ్ళకు వినిపించే రోజు. ఉదయం నుంచి ఆమె సమావేశ మందిరంలో కప్పులు సర్దింది, గుడ్డు వేసి కాల్చిన తీపి టార్టులు పళ్ళేలకెత్తింది. మందిరం మధ్య బల్లమీద ఏదో వీధి నమూనా ఉంది, నీలం గుడ్డ కప్పి ఉంది. కొత్త పథకం ఏ వీధిదో పైనున్న నలుగురైదుగురికి తప్ప తెలియదు. ముందే తెలిస్తే బదులుగా ప్రభుత్వ ఇళ్ళు వస్తాయన్న ఆశతో బయటివాళ్ళు అక్కడికి వచ్చి చేరతారని ఆ జాగ్రత్త. సర్వే చేయవలసిన ఉద్యోగులకు సైతం బస్సు కదిలాకనే కవరు విప్పి చెబుతారు.

మధ్యాహ్నం సర్వే విభాగపు క్వోక్ టీగదిలోకి తొంగిచూశాడు. ముప్పై ఏళ్ళవాడు, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మధ్యకు జారి ఉంటుంది. "చింగ్ అక్కా, రెండు ఫ్లాస్కులు పోసిపెట్టవా? ఇవాళ మేం బయటికి."

"ఎక్కడికో?"

"అది తెలిస్తే నేను డైరెక్టర్‌నే అయ్యేవాణ్ణి. మెట్లున్న చోటికని మాత్రం చెప్పగలను. ఎప్పుడూ మెట్లే."

"చిక్కగా పోస్తున్నా. మెట్లు దిగేదాకా నిలబెడుతుంది."

పెద్ద ఫ్లాస్కుల మూతలు గట్టిగా బిగించి, పైన తువ్వాలు చుట్టి అతనికి అందించింది.

మూడు గంటలకు డైరెక్టర్ మైకు ముందు నిలబడ్డాడు. సౌ-చింగ్ గోడవెంట ట్రాలీ తోస్తూ విన్నది. ఇలాంటి ప్రసంగాలు ఆమె ఏటా వానచప్పుడు విన్నట్టు వినేది. ఈ ఏడు సంస్థకు నష్టం వచ్చిందన్నాడు, చాలా ఏళ్ళలో ఇదే మొదటిసారి అన్నాడు. ధరలు ఎక్కువగా ఉన్నప్పుడు ఇళ్ళు కొన్నారు. ధరలు పడిపోయాక స్థలాలు అమ్మారు. భవన నిర్మాతలు వెనకటిలా పోటీ పడలేదు. కాబట్టి ఈ సంవత్సరం ఒకే పథకం, అదీ చిన్నది. కొత్త ఇళ్ళు చూపించవలసిన అద్దెదారులు తక్కువగా ఉన్న వీధి చూసి ఎంచుకున్నారు. పై అంతస్తులు చాలామటుకు ఖాళీ, లేదా సామాన్లు పెట్టుకునే కొట్టుగదులు.

"యన్ హింగ్ వీధి, సరిసంఖ్యల వైపు," అన్నాడాయన. గుడ్డ తొలగించారు.

సౌ-చింగ్ చేతిలోని కెటిల్ ఒక విలేఖరి సాసరులోకి పోస్తూనే ఉంది. సాసరు నిండి, బల్లమీదికి పొర్లి, అతని చొక్కా చేతి మీదికి కారింది. ఆమె ఆ నమూనాలో తన వీధిని చూస్తోంది. బేసిసంఖ్యల వైపు అన్నీ తెల్లని దిమ్మలుగా ఉన్నాయి. తన వైపు, తన భవనం ఉన్నచోట, గాజు గోపురంలాంటిదొకటి లేచింది, దాని పాదం దగ్గర అగ్గిపుల్లలంత చెట్లు.

"ఈ క్షణంలోనే మా ఉద్యోగులు ఆ వీధిలో తలుపులు తడుతున్నారు," అంటున్నాడు డైరెక్టర్. "ఈ సాయంత్రం అక్కడ నివసిస్తున్నట్టు నమోదైన ప్రతి అద్దెదారుకీ ప్రభుత్వ గృహం లభిస్తుంది. రేపు వచ్చి చేరినవారికి లభించదు."

ముందు ఆమె ఊహలో కనిపించింది కిటికీ. ఏ కిటికీ అని కాదు. ఉతికిన బట్ట ఆరేసుకోవడానికి చెయ్యి బయటపెట్టగలిగే ఏదో ఒక కిటికీ. వరుస ఇక అక్కరలేదు. నవ్వు వచ్చింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే తాళంకప్ప గుర్తుకొచ్చింది. తరువాత ఫ్యాను, చీపురు. చివరికి మూయి వదిన నోటి మూడు వాక్యాలు, తాను నేర్పిన వరుసలోనే.

టీగది ఫోను నుంచి మూయి వదినకు చేసింది. మోగుతూనే ఉంది. ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం ఆమె గుమ్మంలో నిలబడి అధికారులతో మాట్లాడుతూ ఉండటమే. సౌ-చింగ్ ఏప్రాన్ విప్పలేదు. ఇంతకాలపు ఉద్యోగంలో మొదటిసారి కప్పులు కడగకుండా లిఫ్టులోకి నడిచింది.

రైలు దిగేసరికి వాన గట్టిపడింది. వీధి మొదట్లో సంస్థ వాళ్ళ పసుపు గొడుగులు. ఆమె మెట్లు ఎక్కింది. నాలుగో అంతస్తు మలుపులో గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది, మళ్ళీ ఎక్కింది.

ఆరో అంతస్తు నడవలో క్వోక్ ఒక చిన్న స్టూలు మీద కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాడు. పక్కనే తువ్వాలు చుట్టిన ఫ్లాస్కు, మూత తీసి ఉంది.

"అదేంటి చింగ్ అక్కా! మాకు టీ తక్కువైందని ఎవరన్నా చెప్పారా?"

ఆమె జవాబు చెప్పేలోగా మూయి వదిన బయటికొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది. చెవి దగ్గరికి వంగి గుసగుసలాడింది. "చెప్పేశానే. మూడూ చెప్పేశాను. ఒక్కసారి కూడా నవ్వలేదు. చెవులు కూడా ఎర్రబడలేదు, మా ఆయన్ని అడుగు."

"వదినా, వీళ్ళు తనిఖీవాళ్ళు కాదు."

"ఆఁ, ఇల్లిస్తారట! విన్నావా? లిఫ్టు ఉన్న ఇల్లు. ఈయన్ని చక్రాలకుర్చీలో కిందికి దించొచ్చట…" అక్కడ ఆగిపోయింది. తాను చెప్పిందేమిటో అప్పుడు ఆమెకు అర్థమైంది. గరిటె పట్టుకునే చెయ్యి నోటిమీదికి వెళ్ళింది.

క్వోక్ కళ్ళజోడు పైకి తోసుకుని ఇద్దరినీ చూశాడు. తరువాత ఎదురుతలుపు మీది తాళంకప్పను చూశాడు.

"అక్కా, నువ్విక్కడ…"

"ఆ గది గురించి ఒక మాట అడగాలి," అంది సౌ-చింగ్. "ఈమె పొరపాటున చెప్పి ఉంటే?"

అతను చేతిలోని కాగితం తిప్పి చూపించాడు. గొంతులో కాఠిన్యం లేదు. రోజూ చెప్పే నిబంధన అది. "ఇందులో ఆవిడ సంతకం చేశారక్కా. ఈ ఇంట్లో తామిద్దరే, ఎదురుగది కొట్టుగది అని. ఫోన్ చేస్తే ఓనరు కూడా అదే చెప్పాడు. ఇప్పుడు కాదంటే, తప్పు వాంగ్మూలం అవుతుంది. ఆ గది మీద విచారణ వేస్తారు. అది తేలేదాకా ఈవిడ కాగితం కూడా పక్కన పెట్టేస్తారు. తేలాక ఈవిడకి రావచ్చు, రాకపోవచ్చు. నా చేతిలో లేదు."

"పెట్టనీ పక్కన!" అంది మూయి వదిన. "బాబూ, రాసుకో. ఈవిడ ఇక్కడే ఉంటుంది. నేను అబద్ధమాడాను. మా మీద ఎవరన్నా…"

"ఉండు వదినా."

తెరిచిన తలుపులోంచి సౌ-చింగ్‌కు మంచం కనిపిస్తోంది. మూయి భర్త ఇటే చూస్తున్నాడు. ఆయన కాళ్ళమీద దుప్పటి అప్పటికే సగం మడతపెట్టి ఉంది, ఎవరో ఈ సాయంత్రమే ప్రయాణం అన్నట్టు. పనిచేసే చేతిలో దువ్వెన. జుట్టు తడిపి పక్కకు దువ్వుకున్నాడు.

సౌ-చింగ్ కాసేపు ఆ దువ్వెన వైపే చూసింది. వంగి ఫ్లాస్కు ఎత్తింది, ఊపి చూసింది. అడుగున కొంచెం మిగిలింది. మూత కప్పులోకి వంచి క్వోక్‌కు ఇచ్చింది.

"చల్లారక ముందే తాగు," అంది. "నేనేదో అడగబోయి ఏదో అడిగాను. అది కొట్టుగదే. మా వదినను చూసి పోదామని అప్పుడప్పుడు వస్తుంటాను."

మూయి వదిన ఆమె మోచెయ్యి పట్టుకుని లాగింది.

క్వోక్ కప్పు పట్టుకునే ఉన్నాడు. "మరి నువ్వుండేదెక్కడక్కా?"

"దూరం," అంది. "రైలు మారాలి."

అతను ఆమె ఏప్రాన్ వైపు చూశాడు, ఆమె తడిసిన కాన్వాసు జోళ్ళ వైపు చూశాడు. ఎదురుతలుపు గుమ్మం వారగా, బకెట్టు వెనక, అదే కొలత జోళ్ళ జత ఒకటి బోర్లించి ఉంది. దాన్నీ చూశాడు. తరువాత కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచి మూతి మడిచాడు. కప్పు తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాడు.

అధికారులు దిగిపోయేదాకా ఆమె స్టూలు మీద కూర్చుంది. తరువాత లేచి, ఫ్యాను పక్కకు జరిపి, తాళం తీసి, లోపలికి వెళ్ళింది.

మరునాటి ఉదయం టీగదిలో నిన్నటి కప్పులు కడుగుతూ కనిపించింది. పని మానలేదు. శీతాకాలంలో ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. ఆమె సంస్థకు నెల నోటీసు ఇచ్చి, సరిహద్దు అవతల తైషాన్‌లో తన చెల్లెలి కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. మూయి వదిన స్టేషనుదాకా వెంట వెళ్ళింది. వెళ్ళేటప్పుడు సౌ-చింగ్ ఖాళీ గదికి తాళంకప్ప వేసింది, ముందు ఫ్యాను పెట్టింది. కొట్టుగది తెరిచి ఉండకూడదు కదా.

మూయి భర్త కొత్త ఇంట్లో నాలుగేళ్ళు బతికాడు. వాన లేని ప్రతి సాయంత్రం లిఫ్టులో కిందికి దిగేవాడు. సౌ-చింగ్ తైషాన్‌లోనే పోయింది. ఆ కబురు మూయి వదినకు చేరేసరికి చలికాలం దాటిపోయింది.

తొమ్మిదేళ్ళకు గాజు గోపురం పూర్తయింది. దాని కింది అంతస్తులో సంస్థ ఒక అద్దాల అల్మరా ఉంచింది, పాత వీధి గుర్తులు అని. మందుల దుకాణపు బోర్డు, ఉత్తరాల పెట్టెలు, మెట్ల పక్క చెక్క కడ్డీ ముక్క ఒకటి. రెండో అరలో, తెల్లని గుడ్డమీద, కోసి తీసిన గొళ్ళెంతో సహా ఒక తాళంకప్ప. ముందున్న అట్టమీద: "కొట్టుగది తాళం. ఆరో అంతస్తు. నివాసులు లేరు." దానినిండా తుప్పే, బొటనవేలు ఆనేచోట తప్ప.