ఎదురు ఫ్లాటు

వనజకు ఇంటి తాళాలు ఇచ్చేశారన్న మాట నీలవేణి కాశీబుగ్గ బజారులో విన్నది. పూలమ్మే జోగమ్మ చెప్పింది. "మీ తోడికోడలు అదృష్టవంతురాలమ్మా. మరి మీకెప్పుడిత్తారు?" నీలవేణి కొనవలసిన వంకాయలు కూడా కొనకుండా అద్దె ఇంటికి వచ్చేసింది.

కవిటి దగ్గర కొబ్బరి తోట అమ్మింది నాలుగేళ్ల కిందట, మామగారు కిడ్నీ జబ్బుతో పోయాక. అన్నదమ్ములిద్దరూ ఆ డబ్బు పంచుకుని, ఢిల్లీబాబు అనే బిల్డరు కాశీబుగ్గలో కడుతున్న అపార్టుమెంటులో చెరో ఫ్లాటు రాయించుకున్నారు. రెండో అంతస్తు, ఎదురెదురు తలుపులు. రెండు వేల మూడు దసరాకి తాళాలిస్తానని ఢిల్లీబాబు అగ్రిమెంటులో రాసిచ్చాడు. ఆ దసరాకి పిల్లర్లు తప్ప ఏమీ లేవక్కడ.

మరుసటి వేసవిలో చిన్నకోడలు వనజ ఒక కాగితం పట్టుకొచ్చింది. "అక్కా, శ్రీకాకుళంలో వినియోగదారుల ఫోరం ఉంది. ఇల్లు ఆలస్యమయితే అక్కడ కేసెయ్యొచ్చట, లాయరు కూడా అక్కర్నేదట. ఇద్దరం కలిసి ఏద్దాం. ఇక్కడ సంతకం ఎట్టు."

వనజ పదో తరగతి పాసయింది. మామగారి ఆస్పత్రి కాగితాలన్నీ ఆమే చదివి చెప్పేది. చుట్టాలొస్తే అత్తగారు ముందు ఆమె గురించే చెప్పేవారు. అయిదుతో చదువు ఆపేసిన నీలవేణికి, ఇప్పుడీ కాగితంలోనూ వనజ పేరు కింద తన పేరు ఉండడం మింగుడుపడలేదు. "మా ఆయన్ని అడిగి సెప్తాను" అని పంపేసింది. భర్త కూర్మనాథాన్ని అడగనే లేదు.

ఆ సంగతి ఎలా పసిగట్టాడో, వారం తిరక్కుండా ఢిల్లీబాబు ఇంటికొచ్చాడు. "పెద్దకోడలు మీరు. కోర్టులని ఆవిడ ఎనక తిరగడమేటమ్మా? పాత గడువుకి ఒక్క ఏడాది కలిపి, ఈ దసరా దాకా పెంచినట్టు ఈ కాయితం మీద సంతకం ఎట్టండి. ఆవిడకన్నా ముందు తాళం మీకే ఇత్తాను." ఫ్లాటు నీలవేణి పేరు మీదే ఉంది. ఆ 'ముందు' అన్న మాటకి ఆమె సంతకం పెట్టేసింది.

ఆ దసరా కూడా వెళ్లిపోయింది. వనజ ఒక్కతే కేసు నడిపి గెలిచింది. ఫోరం తీర్పుతో ఢిల్లీబాబు ఆమె ఫ్లాటు పూర్తి చేసి, ఆలస్యానికి పరిహారం కూడా కట్టి తాళాలిచ్చాడు.

గృహప్రవేశానికి నీలవేణి వెళ్లింది. కుళాయిలు తిప్పి చూసింది, నీళ్లొచ్చాయి. కిటికీలు మూసి చూసింది, సరిగ్గా మూసుకున్నాయి. చివరికి వంటగట్టు కింద ఒక టైలు వంకరగా ఉండటం కనిపించి ప్రాణం కాస్త కుదుటపడింది. బయటికొస్తే ఎదురుగా తన ఫ్లాటు, తలుపే లేదు, లోపల సిమెంటు బస్తాలు.

"నీ కాయితాలు ఇలాగ తే అక్కా, నాను రాసిత్తాను" అంది వనజ.

"నాకు సేతుల్లేవా?" అంది నీలవేణి.

సోమవారం ఒక్కతే బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లింది. ఫోరం ఆఫీసు గుమాస్తా ఓపికగా చెప్పాడు. అగ్రిమెంటు, డబ్బు కట్టిన రసీదులు జతచేయాలి. ముందు బిల్డరుకి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాలి. ఇల్లూ, ఆలస్యానికి పరిహారమూ అడగొచ్చు. ఇల్లు వద్దనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో తిరిగిమ్మనొచ్చు.

"మా తోడికోడలు ఏటడిగింది?"

"ఆవిడ సంగతి ఎందుకమ్మా? మీకేం కావాలి?"

 ఆ ప్రశ్న ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు, తనూ వేసుకోలేదు. "ఇల్లే" అంది చివరికి.

విచారణ రోజు కూర్మనాథానికి జీడిపప్పు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. మరదలిని తోడు వెళ్లమని అతనే బతిమాలాడు. వనజ వెనక బెంచీ మీద కూర్చుంది. ఢిల్లీబాబు లాయరు గడువు పెంచిన కాగితం తీసి చూపించాడు.

"ఈ సంతకం మీదేనా? ఎందుకు పెట్టారు?" అని అడిగాడు ఫోరం అధ్యక్షుడు.

అబద్ధం ఏదీ నోటికి రాలేదు. "మా తోడికోడలికన్నా ముందు నాకే తాళం ఇత్తానన్నాడండి."

హాల్లో ఎవరో నవ్వారు.  నీలవేణి వనజ కూర్చున్న వైపు తిరగలేదు.

"ఆ పెంచిన గడువు దాటి ఎన్నాళ్లయింది?"

"ఏడాది దాటిపోనాదండి."

రెండు నెలల తరవాత తీర్పొచ్చింది. ఇల్లు పూర్తి చేసివ్వాలి, పరిహారం కట్టాలి. కానీ ఆమె తన చేత్తో ఒప్పుకున్న ఆ ఏడాది లెక్కలోకి రాదు.

అంతకు ముందు విచారణ నాడు, తిరుగు ప్రయాణంలో బస్సు టెక్కలి దాటింది. అప్పుడు వనజ కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "మావగారు ఆకర్రోజుల్లో నా సేత్తో గంజి తాగీవోరు కాదు. పెద్దకోడల్ని పిలువు అనీవోరు. కాయితాలన్నీ చదివింది నాను. నీ మీద ఎంత కుళ్లుకున్నానో నీకు తెలీదక్కా."

 పాపం అనిపించాలి కదా అనుకుంది నీలవేణి. అనిపించింది కూడా, కొంచెం. కానీ అంతకన్నా ముందు ఒళ్లంతా పాకింది సంతోషం. ఇన్నేళ్లుగా వనజ తనను చూసి కుళ్లుకుందట. ఆ మాట ఇంకోసారి వినాలనిపించి, బస్సు చప్పుడులో వినపడనట్టు, "ఏటన్నావు?" అంది.