మావయ్యగారు కట్టిన వైర్లు

నా ఉద్యోగం తిట్లు తినడం. గీజర్లు తయారుచేసే కంపెనీకి ఇంటినుంచే ఫోన్లెత్తుతాను. రోజుకి నలభై మంది నన్ను దులిపేస్తారు. నలభై మందికీ తేనె పూసిన గొంతుతో "మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి" అని చెప్పాలి. ఉన్న ఓపికంతా అక్కడే ఖర్చయిపోయి, ఇంట్లోవాళ్ళ దగ్గరికొచ్చేసరికి కసుర్లే మిగులుతాయి.

ఇంటినుంచి పని చేసేవాళ్ళకి మా కంపెనీ ఒక మెలిక పెట్టింది. వైఫై పనికిరాదు, వైరు మీదే పని చెయ్యాలి. పని గంటల్లో లైను పోతే నెలలో రెండుసార్లు ఊరుకుంటారు. మూడోసారి పోయిందా, మర్నాటినుంచి ఆఫీసుకి రమ్మంటారు. నేను ఆఫీసుకి వెళ్తే మావయ్యగారిని మా ఆడపడుచు ఇంటికి పంపాల్సిందే. బాత్రూంలో పడిన దగ్గర్నుంచి ఆయన్ని ఒంటరిగా వదలొద్దని డాక్టరు చెప్పాడు. మా ఆయనేమో బస్సు డ్రైవరు. పొద్దున్న వెళ్తే మూడింటికి గానీ ఇల్లు చేరడు. కిందటేడు కూతురింట్లో రెండు నెలలుండి వచ్చారు మావయ్యగారు. అక్కడి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు కానీ, "మళ్ళీ పంపకమ్మా" అని మాత్రం అన్నారు.

ఈ నెల రెండుసార్లూ అయిపోయాయి. తప్పు నాదే. నా బల్లకింద వైర్లన్నీ పాముల పుట్టలా పెరిగిపోయాయి. ఒకసారి కాలికి తగులుకుని ప్లగ్గు ఊడింది, ఇంకోసారి దీపం వైరనుకుని ఇంటర్నెట్ వైరు పీకాను. అదంతా చూసి మావయ్యగారు, "నాకొదిలెయ్యమ్మా, నేను చూసుకుంటా" అన్నారు.

ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశారు. అక్కడ వందల వైర్లని కలిపి మైనం పట్టించిన దారంతో బొటనవేలి వెడల్పుకొక ముడి వేసుకుంటూ జడలా కట్టేవారట. ఆ దారం ఉండ ఒకటి ఆయన పెట్టెలో ఇంకా ఉంది. నేను పనిలో లేనప్పుడల్లా, మూడు రోజులు, బల్లకింద చాప వేసుకుని కట్టారు. ఇంటర్నెట్ వైరు, దీపం వైరు, కీబోర్డు వైరు, చివరికి నా చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోను వైరు కూడా! అన్నీ కలిపి ఒకే కట్ట. ఎక్కడా ఒక్క అంగుళం వదులు లేదు.

"వదులుంటే అందం పోతుంది" అన్నారు, కళ్ళు మెరుస్తుండగా.

అందానికేం, దిష్టి తియ్యాలన్నంత అందంగా ఉంది. కానీ నెలాఖరు రోజు పొద్దున్న ఎనిమిదింటికి హెడ్‌ఫోను పెట్టుకున్నానో లేదో నా పని కుదేలయింది. తల కుడివైపు తిప్పితే వైరు లాగేస్తోంది. వెనక్కి వాలితే చెవిమీంచి ఊడొస్తోంది. పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు బిర్రబిగుసుకుని కూర్చుని రెండు గంటలు తిట్లు తిన్నాను. మెడ పట్టేసింది.

పదింటికి పది నిమిషాల బ్రేకు. "మావయ్యగారూ, ఈ హెడ్‌ఫోను ఒక్కటీ బయటికి తియ్యండి, చచ్చిపోతున్నాను" అన్నాను.

"ఒక్కటి తియ్యడం కుదరదమ్మా. విప్పితే ఆ చివరనుంచి విప్పుకుంటూ రావాలి. సాయంత్రం చేస్తాలే."

"సాయంత్రందాకా మెడ ఉండొద్దూ?"

"రేపు ఇంకాస్త పొడుగు వైరు కొనుక్కుంటే..."

నాకు చిర్రెత్తుకొచ్చింది. వంటింట్లోంచి కత్తెర తెచ్చి బల్లకింద దూరాను. "అమ్మా, చూసి, చూసి" అంటూనే ఉన్నారాయన. ఆ నల్ల దారం చూస్తే ఒళ్ళు మండి, కచకచా నాలుగు ముళ్ళు కోసేశాను. ఐదోది కోస్తుంటే కత్తెరకేదో మందంగా తగిలింది. అయినా నొక్కాను.

తల పైకెత్తి చూస్తే తెరమీద "కనెక్షన్ లేదు" అని ఉంది.

బ్రేకులో లైను పోతే లెక్కలోకి రాదు, బ్రేకు అయ్యేలోపు మళ్ళీ రాకపోతే మాత్రం అదే మూడోసారి. బ్రేకు ఇంకా ఆరు నిమిషాలుంది. షాపుకెళ్ళి కొత్త వైరు తేవాలంటే అరగంట. ఆ భయమంతా కోపమై నోట్లోంచి ఊడిపడింది.

"మీరు చెయ్యిపెట్టినవన్నీ ఇంతే! ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని? ఆ ఉండేదేదో మీ అమ్మాయి దగ్గరే ఉండాల్సింది!"

ఆయన ముఖం పాలిపోయింది. వైరు కోసింది నేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట మాత్రం ఆయన అనలేదు.

"కత్తెర ఇలా ఇవ్వు" అన్నారు.

మోకాళ్ళమీద పాక్కుంటూ బల్లకింద చేరారు. తెగిన కొసలు ఒకదానికొకటి అందడం లేదు, అంత బిగువుగా కట్టారు మరి. క్షణమాగి, తన ముళ్ళన్నీ తనే టకటకా కోసేశారు. మూడు రోజుల పని ఒక్క నిమిషంలో కుప్పగా రాలింది. బూడిదరంగు తొడుగు చీల్చి, లోపలి ఎనిమిది సన్న తీగల్లోంచి నారింజ జత, ఆకుపచ్చ జత ఏరారు.

"నాలుగు చాలు" అని గొణిగి, కొసల్ని గోటితో ఒలిచి మెలేశారు. టేపు తెమ్మన్నారు. ఇల్లంతా వెతికినా దొరకలేదు.

"సరే పో, కూర్చో. నేను పట్టుకుంటా. ఒకదానికొకటి తగలకపోతే చాలు."

ఆయన చేతులు వణుకుతాయి. కాఫీ కప్పు సాసర్లో పెట్టేసరికి సగం కిందే ఉంటుంది. అందుకని మణికట్లు రెండూ మోకాళ్ళ మధ్య బిగించి, తీగల్ని విడివిడిగా వేళ్ళతో పట్టుకుని కూర్చున్నారు. తెరమీద లైను వచ్చింది. బ్రేకు అరనిమిషం మిగిలింది.

మొదటి ఫోనే ఒక మహానుభావుడు. గీజరు మూడోసారి పాడైందట. ముప్ఫై ఐదు నిమిషాలు నా ఏడు తరాలనీ కడిగేశాడు. "అవునండీ, మీ బాధ అర్థమైందండీ, క్షమించండి" అంటూనే ఉన్నాను. బల్లకింద మావయ్యగారి భుజం నా కాలికి ఆనుకుని ఉంది. మధ్యలో ఒకసారి ఆ భుజం గట్టిగా వణికింది. తెర మినుకుమంది. మళ్ళీ నిలబడింది. ముక్కూ మొహం తెలియనివాడికి ఇంత మర్యాద చేస్తున్నాను, ఇంట్లో పెద్దాయన్ని అంత మాట అన్నానే అని నామీద నాకే అసహ్యం వేసింది.

వాడు ఫోను పెట్టేశాడు. తర్వాతి ఫోను రావడానికి కొన్ని క్షణాలే ఉంటాయి. ఎవరిచేతైనా వెంటనే కొత్త వైరు పంపమని మా ఆయనకి మెసేజి పెట్టాను. వంగి బల్లకిందికి చూశాను. ఆయన కళ్ళద్దాలు ముక్కుమీదికి జారిపోయాయి. ఎత్తుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. వేళ్ళ కొసలు తెల్లబడిపోయాయి.

"క్షమించండి" అన్నాను.

తీరా ఆ మాట కూడా ఆ పాడు తేనె గొంతులోనే వచ్చింది.

ఆయన తలెత్తకుండా, తీగలు కదలకుండా, గుసగుసగా అడిగారు: "ఇంకా ఫోన్లో ఉన్నాడామ్మా?"

"లేడు మావయ్యగారూ" అన్నాను, కళ్ళద్దాలు పైకి సర్దుతూ. "మీకే చెప్తున్నా."