రెండు కన్నాల పెట్టె

మా సలసేని అత్త, దంచి నీళ్ళలో పిసికి తాగే యంగోనా వేళ్ళ కట్ట నా ముందు పెట్టిందంటే ఇక తప్పించుకునే దారి లేదన్నమాట. మామూలుగా నాతో పని పడితే ఆవిడ ఫోన్ చేసి కేకలేస్తుంది. ఆ రోజు మాత్రం చర్చికి వేసుకునే గౌను వేసుకొచ్చి, చాప మీద ఒద్దికగా కూర్చుని, పేపర్లో చుట్టిన కట్టని రెండు చేతులతో నా వైపు జరిపింది. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మేనత్త, నన్ను ఏదో పెద్దింటి మనిషిలా చూస్తూ అడుగుతోంది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఆ కట్ట ముట్టుకున్నామంటే పని ఒప్పుకున్నట్టే.

"తోరికా, ఇది చాలా చిన్న కట్ట. వేళ్ళు కూడా అంత మంచివి కావు," అంది అత్త. ఇచ్చేది ఎంత గొప్పదైనా అలాగే అనాలి. అవి కదావు దీవి నుంచి తెప్పించిన మేలురకం వేళ్ళు. "అయినా తీసుకుని నా మాట విను. ఆపరేషన్‌కి ముందే మీ మావయ్య పాట రికార్డు చేసి పెట్టు."

అత్త మెడలో గడ్డ ఉంది. కోసి తీసేయాలన్నారు. గొంతు మారిపోవచ్చు, మారకపోనూ వచ్చు అని డాక్టరు చెప్పాడట. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి ఎత్తడం లేదు. ఎత్తితే నిజమైపోతుందేమోనని అందరికీ లోలోపల బెంగ.

మా వైయావి పేటలో అత్త గొంతు తెలియనివాళ్ళు లేరు. ఐదుగురు కలిసి పాడతారు. ముందు అత్త ఒక్కతే ఎత్తుకుంటుంది, తర్వాత మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కలుస్తారు. ఆవిడ ఎత్తుకోకపోతే అక్కడ పాటే లేదు. ఇక మావయ్య పాటంటే, పెళ్ళికి ముందు లౌతోకా రేవులో అత్త కోసం పొద్దంతా ఎదురుచూసి, చూసి, ఒళ్ళు మండి కట్టిన పాట. ఓడలు వచ్చాయి, వెళ్ళాయి, నువ్వు మాత్రం జడ వేసుకుంటూనే ఉన్నావు అని దెప్పడమే అందులో ఉన్నదంతా. మావయ్య పోయాక కూడా అత్త ఆ పాటని కొంచెం సిగ్గుపడుతూనే పాడుతుంది. మా దగ్గర అది ఫోన్లలో తప్ప ఎక్కడా లేదు. ఆ ఫోన్లలో పాటకన్నా కుక్కల అరుపులే బాగా వినిపిస్తాయి.

నేను కట్ట ముట్టుకుని, ఒప్పుకున్నట్టుగా చప్పట్లు కొట్టాను.

"నాకు తెలుసు నువ్వు ఒప్పుకుంటావని," అంది అత్త, వెంటనే మామూలు గొంతులోకి దిగిపోయి. "టీ ఏది? ఇంతసేపు కూర్చోబెట్టావు, ఒక బన్ను కూడా లేదా ఇంట్లో?"

నేను మా చర్చిలో మైకులు చూసుకుంటాను కాబట్టి ఈ పని నా నెత్తిన పడింది. మైకులు చర్చిలో అరువిస్తారు, ల్యాప్‌టాప్ నా దగ్గరుంది. లేనిదల్లా వాటి రెండింటికీ మధ్య కూర్చుని, మైకులోని పాటని కంప్యూటర్‌కి అందించే ఆడియో ఇంటర్‌ఫేస్. మా ఇంట్లో దాని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. పెట్టె అన్నారు, నేనూ పెట్టే అన్నాను.

పెట్టె కొనడానికి లౌతోకాలో ఉమేంద్ర కొట్టుకి బయల్దేరితే, పిలవకుండానే ఇసిమేలి వెంటపడ్డాడు. ఇసిమేలి అత్త కొడుకు. నాకు బావ వరస కాబట్టి ఒకళ్ళనొకళ్ళు ఎంత ఏడిపించుకున్నా మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. రిసార్టులో గిటార్ వాయిస్తాడు. అందువల్ల ప్రపంచంలో తీగ ఉన్న వస్తువులన్నీ తనకే తెలుసని అతని నమ్మకం.

ఉమేంద్ర నాతో కలిసి చదువుకున్నవాడు. బల్ల మీద రెండు పెట్టెలు పెట్టాడు. ఒకటి అరచేతి మీద పట్టేంత చిన్నది, ముందువైపు మైకు తీగలు గుచ్చడానికి రెండు కన్నాలు. ఇంకొకటి బిస్కెట్ డబ్బా అంత, ఎనిమిది కన్నాలు.

"చిన్నది ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకుంటుంది," అన్నాడు. "పెద్దదానికి విడిగా ప్లగ్గు కావాలి. రెండూ మంచివే. మీకు ఏం పని?"

"మా అమ్మ పాట," అన్నాడు ఇసిమేలి. "పాడేవాళ్ళు ఐదుగురు, రెండు గిటార్లు, ఒక ఉకులేలే. ఎనిమిది. ఇంకేం ఆలోచిస్తావు తోరికా?"

"చర్చిలో ముప్పై మంది పాడతారు. ముప్పై కన్నాలున్నాయా నా దగ్గర?"

"అందుకే మీ చర్చి పాట బస్టాండులా ఉంటుంది."

"నీ రిసార్టు పాట విని జనం పళ్ళెంలో చేపలు వదిలేసి లేచిపోతున్నారట కదా బావా, అదేంటి?"

ఉమేంద్ర నవ్వు ఆపుకోవడానికి బల్ల తుడుస్తున్నాడు. ఇసిమేలి ఈసారి కొంచెం గొంతు తగ్గించాడు.

"వెటకారం కాదు. ఇద్దరికి మైకిచ్చి ముగ్గురికి ఇవ్వకపోతే ఎలా? అమ్మతో పాడే ఎపరామా తాతకి లేదని చెప్పగలవా నువ్వు?"

చెప్పలేను. మా దగ్గర యంగోనా తాగే కొబ్బరి చిప్ప వరసలో ఒకరిని దాటేసి పక్కవాళ్ళ చేతికి వెళ్ళిందంటే ఆ మనిషి తలెత్తుకోలేడు. మైకు మాత్రం ఏం తక్కువ? ధ్వని సంగతి అంతో ఇంతో తెలిసిన నేను కూడా మర్యాదలో పడి, కన్నాలని మనుషులతో సరిపెట్టుకోవడం మొదలుపెట్టాను.

"పైగా విడివిడిగా ఉంటే ఎవరు తప్పు పాడినా సర్దొచ్చు," అన్నాడు ఇసిమేలి. ఆగి, పెట్టె మీద వేలు రాస్తూ, "రేపు అమ్మకి ఏమైనా, అమ్మ గొంతు విడిగా మన దగ్గరుంటుంది," అన్నాడు.

అయినా ఆ చిన్న పెట్టె మీద నుంచి నా మనసు లేవలేదు. మా ఇద్దరి ముఖాలూ చూసి ఉమేంద్రే దారి చూపించాడు.

"రెండూ పట్టుకెళ్ళండి. సోమవారం ఒకటి వెనక్కి తెచ్చివ్వండి. గీత పడకూడదు. మీ యంగోనా చుక్క అసలే పడకూడదు."

శనివారం మధ్యాహ్నం అత్త ఇంట్లో పెద్ద పెట్టెతో మొదలుపెట్టాం. ఒకళ్ళ గొంతు ఇంకొకళ్ళ మైకులోకి పోకూడదని ఇసిమేలి ఇల్లంతా చెల్లాచెదురు చేశాడు. అత్తని కిటికీ దగ్గర, మకరేతా పిన్నిని వంటింటి గుమ్మంలో, ఎపరామా తాతని బీరువా వెనక, మిగతా ఇద్దరినీ చెరో మూల కుర్చీల్లో కూర్చోబెట్టి, మధ్యలో పరుపులు నిలబెట్టి, అందరి చెవులకీ హెడ్‌ఫోన్లు తగిలించాడు. తీగల మీద ఒలుకుతుందని యంగోనా కూడా వద్దన్నాడు. దానికి తల ఊపింది నేనే.

ఎపరామా తాత మా బృందంలో కింది గొంతు. అందరికన్నా పెద్దవాడు. కుర్చీని కాసేపు అనుమానంగా చూశాడు.

"నేనేమైనా దొరనా, కుర్చీ ఎక్కి పాడ్డానికి?" అని జారి నేల మీద కూర్చున్నాడు.

ఆయన కింద కూర్చున్నాక ఆయనకన్నా ఎత్తులో ఎవరు కూర్చుంటారు? ఒక్కొక్కరే కుర్చీలు దిగారు. మైకులు అయిదూ గాల్లో ఉండిపోయాయి. ఇసిమేలి పళ్ళు నూరుకుంటూ అన్నింటినీ మళ్ళీ కిందికి దించాడు.

"అమ్మా, ఇక ఎత్తుకో."

"ఎవర్ని చూసి ఎత్తుకోను? పరుపునా?"

"చెవుల్లో వినిపిస్తారు కదా."

"వినిపిస్తే సరిపోతుందా? మకరేతా ఊపిరి తీసుకుందో లేదో నాకు ఎలా తెలుస్తుంది?"

ఎలాగో పాడారు. అత్త రెండుచోట్ల ఆగి ఆగి ఎత్తుకుంది. గొంతు పైకి వెళ్ళినప్పుడల్లా పెట్టె మీద ఎర్ర లైటు వెలగడం చూసి, తనేదో తప్పు చేస్తున్నాననుకుని ఇంకా తగ్గించి పాడింది. బీరువా వెనక నుంచి తాత పాట అయిపోయిందా అని మధ్యలోనే అడిగాడు. అందరూ తప్పులేకుండా పాడేవరకూ ఇసిమేలి వదల్లేదు. చివరికి తప్పు లేని పాట ఒకటి వచ్చింది. దాంట్లో ఉప్పూ లేదు, కారమూ లేదు.

వినిపిస్తే అందరూ మర్యాదగా బాగుంది అన్నారు. మా వాళ్ళు బాగుంది అని ఊరుకున్నారంటే బాగాలేదనే.

"ఆగండి, దీని గొప్పతనం మీకింకా తెలియలేదు," అని ఇసిమేలి ల్యాప్‌టాప్ తన వైపు లాక్కున్నాడు. "ఇదిగో, అమ్మ ఒక్కతే."

మిగతా గొంతులన్నీ ఆగిపోయాయి. గదిలో అత్త గొంతు ఒక్కటే మిగిలింది. చుట్టూ ఎవరూ లేకుండా, చివర్లలో కొంచెం వణుకుతూ. ఆ వణుకు నేనెప్పుడూ వినలేదు. ఇన్నాళ్ళూ పక్క గొంతులు దాన్ని పట్టుకుని నిలబెట్టేవి కాబోలు. అత్త గౌను అంచు సర్దుకుంటూ నేల వైపు చూస్తోంది.

"ఇప్పుడు అమ్మ లేకుండా," అన్నాడు ఇసిమేలి, ఇంకా ఉత్సాహంలోనే.

పాట ఎక్కడా ఆగలేదు. గిటార్లు మోగాయి, మకరేతా పిన్ని సమయానికి వచ్చింది, తాత కింద నుంచి అందుకున్నాడు. మావయ్య రేవులో ఎదురుచూస్తూనే ఉన్నాడు, ఆలస్యంగా రావలసిన మనిషి మాత్రం లేదు. ఆపరేషన్ తర్వాత మా పాట ఎలా ఉంటుందో ఎవరో ముందే తెచ్చి చూపించినట్టయింది. ఇసిమేలికి కూడా అప్పుడే తట్టింది. చెయ్యి బటన్ మీదే ఉంది, నొక్కడం మాత్రం చేతకాలేదు. నేనే వెళ్ళి ఆపాను.

అత్తే లేచింది.

"ఆ పరుపులు తీసెయ్యండి. నోరెండిపోయింది. తోరికా, నేను తెచ్చిన కట్ట ఏం చేశావు? దాచుకున్నావా?"

యంగోనా దంచి, పెద్ద చెక్క గిన్నెలో నీళ్ళు పోసి పిసికాం. గిన్నె చుట్టూ చాప మీద అందరూ మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. కొబ్బరి చిప్ప ఒకరి తర్వాత ఒకరికి వెళ్ళింది, చప్పట్లు మోగాయి. నేను చిన్న పెట్టెని నా ఒళ్ళో పెట్టుకుని, రెండే రెండు మైకులు గిన్నె పక్కన నిలబెట్టాను. అందరూ గిన్నె వైపే తిరిగి కూర్చుంటారు కాబట్టి ఎవరినీ దాటేసిన మాట రాదు. ఇంత చిన్న విషయం కొట్టులో ఎందుకు తట్టలేదో నన్ను నేను తిట్టుకున్నాను. ఎర్ర లైటు కనపడకుండా దాని మీద నా చెయ్యి అడ్డం పెట్టాను.

ఎవరూ మొదలుపెట్టమని చెప్పలేదు. తాత ఏదో అన్నాడు, అత్త ఆయన మోకాలి మీద ఒకటి వేసి, నవ్వుతూనే ఎత్తుకుంది. మకరేతా పిన్ని అత్త పెదాలు చూస్తూ వచ్చి కలిసింది. పై గొంతు వణికిన చోటల్లా పిన్ని గొంతు వచ్చి పక్కన నిలబడింది. తాత ఎప్పుడూ లేనంత కిందికి దిగాడు. జడ వేసుకుంటూనే ఉన్నావు అన్న చోట అత్తకి సిగ్గు ముంచుకొచ్చి పాట కొంచెం తడబడింది, అందరూ ఆవిడ కోసం ఆగి మళ్ళీ కలిశారు. నా కళ్ళు మసకబారాయి. పెట్టె మీద చుక్క పడకూడదన్నాడు కదా ఉమేంద్ర, తల పక్కకి తిప్పుకున్నాను.

చివరి చరణంలో చెరుకు మోసే రైలు ఇంటి వెనక నుంచి కూత పెట్టుకుంటూ పోయింది. పాట ముగిశాక తాత గట్టిగా దగ్గాడు.

మొత్తం వినిపించాను. ఈసారి ఎవరూ బాగుంది అనలేదు. మళ్ళీ పెట్టమన్నారు.

"పాట బాగా వచ్చింది, కాదన్ను," అన్నాడు ఇసిమేలి. "కానీ ఆ రైలేంటి మధ్యలో? తాత దగ్గు కూడా పడింది. దీంట్లో ఏదీ తీయడానికి లేదు, అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అందుకే నేను పెద్దది అన్నాను."

"తాత చివర్లోనే దగ్గాడు, అంతవరకూ కోసేయొచ్చు," అన్నాను నేను. "రైలు మాత్రం తీయలేం."

అత్త చేతికి చిప్ప వచ్చింది. తాగకుండా పట్టుకునే అడిగింది.

"రైలుని తీయలేవా?"

"లేదత్తా. తీస్తే పాట కూడా పోతుంది."

"మకరేతాని?"

"తీయలేను."

"నన్ను?"

నేను పెట్టె తీగ వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. ఇసిమేలి వైపు చూశాను, అతను గిన్నె వైపు చూస్తున్నాడు.

"నిన్ను కూడా తీయలేను, అత్తా. ఎవ్వరూ తీయలేరు."

అత్త చిప్ప ఎత్తి ఒక్క గుక్కలో ఖాళీ చేసింది. మేమందరం చప్పట్లు కొట్టాం.

"ఇసిమేలీ, ఆ పెద్దది సోమవారం పొద్దున్నే ఇచ్చేసి రా," అంది చిప్ప వెనక్కి ఇస్తూ. "గీత పడలేదు కదా, ఒకసారి చూసుకో."

మా బావ లేచి తీగలు చుట్టడం మొదలుపెట్టాడు.