నక్కల మందు

సౌదీలో హాయిల్ పట్నం శివార్లలోని ఆ కూలీల క్యాంపుకు ఉన్నది ఒకే ఒక్క ఫ్రీజరు. దాని నిండా నక్కల మందే. చేపల కంపు కొట్టే ఒక్కో ఎర బిళ్ళ లోపల చిన్న మందు పొట్లం ఉంటుంది. నక్క కొరికితే అది చిట్లి మందు నోట్లో పడుతుంది, ఇక దానికి రేబిస్ పిచ్చిరోగం రాదు. చలి మొదలయ్యాక ఆ బిళ్ళల్ని గోధుమ పొలాల అవతల గుట్టల్లో చల్లడం మల్లేశం పని. బండి నడపడం కడప ఇష్తియాక్ పని. అప్పటిదాకా మందు గడ్డకట్టే ఉండాలని సూపర్‌వైజరు చెప్పనే చెప్పాడు.

బక్రీదుకు కఫీల్, అంటే వాళ్ళను పనికి తెచ్చుకున్న యజమాని, పెద్ద మనసు చేసుకుని రెండు గొర్రెల మాంసం పంపాడు. బయటేమో నిప్పులు చెరిగే ఎండ. అంత మాంసాన్ని ఎవడు పాడుచేసుకుంటాడు?

"రెండు దినాలు మందు బయటుంటే ఏమయితాదిలేప్పా! మల్లా లోపల పెట్టేద్దాం," అన్నాడు ఇష్తియాక్.

మల్లేశానికీ నోరూరింది. తిండి దగ్గర తెలంగాణా రాయలసీమా తేడా ఏముంది! మందు డబ్బాలు మంచాల కిందికి, మాంసం ఫ్రీజరులోకి పోయాయి. పండగ అయిపోయాక డబ్బాలు తిరిగి లోపల పెడితే మందు మళ్ళీ రాయిలా గడ్డకట్టింది. చూడ్డానికి ఏ తేడా లేదు. ఇద్దరూ ఆ సంగతే మరిచిపోయారు.

చలికాలం రాగానే అవే బిళ్ళలు చల్లారు. ఆ పొలాల పక్కనే గొర్రెలు కాసే బుచ్చన్న, మల్లేశం అక్క ముత్యవ్వ భర్త. అక్కను ఒప్పించి అతన్ని ఇక్కడికి తెచ్చింది మల్లేశమే.

"ఈడి నక్కలకు నా చేతులతోటే మందేసిన, బావా," అని గొప్పగా చెప్పాడు. బతుకులో గొప్పగా చెప్పుకోవడానికి పాపం అతనికి దొరికింది ఆ ఒక్క పనే.

ఒక పొద్దున గొర్రెపిల్ల మీద పడ్డ నక్కను అదిలించబోతే అది బుచ్చన్న చేయి కొరికి పారిపోయింది.

"దవాఖానకు పోదమా, బామ్మర్దీ?"

"ఎందుకే బావా? గవన్నీ మందు తిన్న నక్కలు. కడిగి జరంత పసుపు పెట్టు."

బుచ్చన్న పెట్టుకున్నాడు. గాయం మానిపోయింది.

నెల దాటాక నీళ్ళ గ్లాసు చూస్తేనే బుచ్చన్న గొంతు బిగుసుకుపోయింది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు చేతి మీది మచ్చ చూసి, కరిచిన రోజే సూదులు వేయించి ఉంటే బతికేవాడనీ, ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదనీ ఇష్తియాక్‌కు హిందీలో చెప్పాడు. బుచ్చన్నకు హిందీ రాదు, ఇష్తియాక్ దాన్ని తెలుగులోకి మార్చలేదు. మల్లేశానికి ఆ హిందీ అర్థమయింది. మంచం కిందికి తన చేత్తో నెట్టిన డబ్బాలు అప్పుడు గుర్తొచ్చాయి. మందు వేడికి గానీ చెడిందా అని ఎవరైనా అడిగితే బాగుండుననిపించింది. ఎవరూ అడగలేదు.

మల్లేశం జేబులో ఫోను మోగింది. ముత్యవ్వ.

"ఎత్తు," అన్నాడు బుచ్చన్న, నోటి నురగ మధ్య మాట కూడదీసుకుంటూ. "మందు తిన్న నక్కనే గద కరిచింది, ఏం గాదని చెప్పు. నువ్వు జెప్తే నమ్ముతది. నేను నమ్మలే?"

మల్లేశం చేతిలో ఫోను మోగుతూనే ఉంది.