నిర్భయంగా తాగవచ్చు

ప్రభుత్వం ఏం మాట్లాడాలో రాయడం అతని ఉద్యోగం. నీటి సరఫరా మంత్రిత్వ శాఖలో, తెరుచుకోని కిటికీ ఉన్న ఒక గదిలో కూర్చుని, మంత్రిగారు ఏమన్నారో మంత్రిగారి కంటే ముందే రాసి పెట్టేవాడు. అందులో ముప్పాతిక వంతు ఖండనలే. పైపులు పగల్లేదు, కొరత లేదు, మంత్రిగారు అలా అనలేదు, అన్నా ఆ అర్థంలో అనలేదు. అందుకే ఆఫీసులో అందరూ అతన్ని ఖండనగారు అని పిలిచేవాళ్లు. మొదట్లో కోపం వచ్చి, ఆ పేరును ఖండించబోయి మధ్యలో ఆగిపోయాడు. తరవాత అలవాటైపోయింది.

ఖండన అబద్ధాలకోరు కాడు. అతని బాధల్లా ఒకటే. అతను నిజం రాసినప్పుడు కూడా జనం నమ్మేవాళ్లు కాదు. ఒకసారి ఆహార శాఖలో ప్రకటనలు రాసే ఆయన సెలవు పెడితే ఇతన్ని అరువిచ్చారు. ‘పంచదారకు ఎలాంటి కొరతా లేదు’ అని రాశాడు. అది అక్షరాలా నిజం, గోదాముల్లో బస్తాలు మూలుగుతున్నాయి. సాయంత్రం వార్తల్లో అది చదివారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా రాజధాని మొత్తం గాలించినా చెంచాడు పంచదార దొరకలేదు. సాక్షాత్తూ అతని భార్యే పరుగెత్తుకెళ్లి చేతులు పడిపోయేటన్ని సంచులు మోసుకొచ్చింది.

“కొరత లేదని నేనేగా రాశాను!” అని అతను నెత్తీనోరూ కొట్టుకున్నాడు.

“అందుకేగా తెచ్చింది,” అంది ఆవిడ, డబ్బాల్లో పోసుకుంటూ.

ఆ ఇంట్లో అపనమ్మకానికి పెద్దదిక్కు మామయ్యగారు. అంటే ఆవిడ తండ్రి. కరెంటు మీటర్లు చదివే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ జనం ఆయన చదివిన అంకెల్ని నమ్మలేదు. ఇప్పుడు ఆ కసి ఆయన దేశం మీద తీర్చుకుంటున్నాడు. పొద్దున్నుంచీ రిమోట్ చేతిలో పట్టుకుని సర్కారు చానెల్ కాసేపు, ప్రతిపక్షం చానెల్ కాసేపు చూసేవాడు. ఆయన లెక్క తేలిక. ఒక చానెల్ చెబితే సగం అబద్ధం. రెండూ చెబితే పూర్తి అబద్ధం. రెండూ చెప్పనిదే అసలు సంగతి. మరి రెండూ చెప్పనిది ఆయనకెలా తెలుస్తుందయ్యా అంటే, మెట్ల దగ్గర తెలుస్తుంది. ఆ అపార్ట్‌మెంటు మెట్ల మీద రోజూ కింది వాటా దర్జీ, పై వాటా డ్రాయింగు మాస్టారు, ఈయనా కలిసి దేశాన్ని విప్పి, ఆరేసి, మళ్లీ మడతపెట్టేవాళ్లు. అల్లుడంటే ఆయనకి ప్రేమే. “మా అల్లుడు బంగారం. వాడు రాసిన ముక్క మాత్రం ఒక్కటీ నమ్మకండి,” అని అందరికీ చెప్పేవాడు.

ఇక అతని తల్లి. సాయంత్రం సర్కారు వార్తలు మొదలయ్యే వేళకి ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి టీవీ ముందు కూర్చునేది. వార్తలు చదివే అమ్మాయి ‘తగు చర్యలు ముమ్మరం చేసినట్లు’ అనగానే మొహం వెలిగిపోయేది. “ఇది మావాడి మాటే. ముమ్మరం అన్నమాట వాడికి చిన్నప్పట్నుంచీ ఇష్టం,” అనేది. మామయ్యగారు గొంతు సవరించుకునేవాడు. వియ్యపురాలి ముందు అంతకంటే పెద్ద నిరసన మర్యాద కాదు మరి.

ఇలా గడిచిపోతుండగా ఎండాకాలం మధ్యలో రాజధానికి నీళ్లిచ్చే పెద్ద చెరువు దగ్గర శుద్ధి యంత్రాలు మొరాయించాయి. పరీక్ష చేసిన ఇంజనీర్ల మొహాలు పాలిపోయాయి. కుళాయి నీళ్లు మరిగించకుండా తాగితే కడుపు జబ్బు ఖాయం, పిల్లలకీ ముసలివాళ్లకీ ప్రాణం మీదికి రావచ్చు అన్నారు. యంత్రాలు బాగుపడేదాకా ఊరిని కాపాడాల్సింది ఒక ప్రకటనే. అది రాయాల్సింది ఖండన.

అతను చాలా శ్రద్ధగా రాశాడు. ఒక్క బరువైన మాట లేదు. ‘కుళాయి నీళ్లలో సూక్ష్మక్రిములు ఉన్నాయి. దయచేసి మరిగించకుండా తాగవద్దు. మేం మళ్లీ చెప్పేవరకు జాగ్రత్తగా ఉండండి.’ ముమ్మరం అన్నమాట కూడా తీసేశాడు. తన జీవితంలో ఇంత సూటి నిజం రాయలేదని అతనికే ముచ్చటేసింది.

రెండు చానెళ్లూ చదివాయి. దాంతో కొంప మునిగింది.

“రెండూ చెబుతున్నాయంటే ఏదో ఉంది,” అన్నాడు మామయ్యగారు మెట్ల మీద. ఏముందో దర్జీ కనిపెట్టాడు. “గ్యాసండీ! ఊరంతా నీళ్లు మరిగిస్తే గ్యాసు ఎవరిది అమ్ముడుపోతుంది? మంత్రి బావమరిదికి గ్యాసు కంపెనీ ఉంది.” డ్రాయింగు మాస్టారు ముక్కున వేలేసుకున్నాడు. సాయంత్రానికి బావమరిది సంగతి ఊరంతా పాకింది. నిజానికి మంత్రికి బావమరిదే లేడు. ఆ ముక్క ఖండిస్తూ ప్రకటన ఇస్తే, “చూశారా, బావమరిదిని కూడా మాయం చేశారు!” అన్నారు.

మర్నాడు ప్రతిపక్ష నాయకుడు తన చానెల్లో కెమెరాల ముందు కుళాయి తిప్పి, గ్లాసు నింపి, గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. అపార్ట్‌మెంట్ మెట్ల మీద మామయ్యగారి అధ్యక్షతన అలాంటి సభే జరిగింది. దాహం లేనివాళ్లు కూడా పౌరుషానికి తాగారు. ఆ తరవాత ఆయన రెండు రోజులు స్నానాలగదికీ మంచానికీ మధ్య తిరుగుతూ, “ఎండ వేడిమి,” అన్నాడు. ప్రతిపక్ష నాయకుడు కూడా ఎండదెబ్బతోనే ఆసుపత్రిలో చేరాడని ఆయన చానెల్ చెప్పింది. మరి అదొక్కటే ఎలా నమ్మాడో మామయ్యగారినే అడగాలి.

ఆ ఇంట్లో తల్లి ఒక్కతే నీళ్లు మరిగించి, చల్లార్చి, మూత పెట్టుకుని తాగింది.

ఆసుపత్రుల్లో మంచాలు నిండిపోయి వరండాల్లో చాపలు పరుస్తున్నారు. ఎవరో పసిపిల్లకి చాలా ప్రమాదంగా ఉందని ఫోనొచ్చినప్పుడు ఖండనకి తిండి సయించలేదు. మంత్రి అతన్ని పిలిపించాడు. మంత్రి చెడ్డవాడేం కాదు, భయస్తుడు.

“ఇంకోసారి రాయవయ్యా. ఈసారి గట్టిగా రాయి,” అన్నాడు.

“గట్టిగా రాస్తే ఇంకా గట్టిగా తాగుతారు సార్.”

“మరేం చెయ్యమంటావు?”

ఖండన మనసులో పంచదార సంచులు మెదిలాయి. “తాగొద్దంటే తాగుతున్నారు సార్,” అన్నాడు. “తాగమంటే?”

మంత్రి నోరెళ్లబెట్టాడు. తరవాత నెమ్మదిగా ఆ నోరు నవ్వుగా మారింది. ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదని, ఇంట్లో కూడా పొక్కకూడదని ఒట్టు వేయించుకున్నాడు. బయటికి పొక్కిందంటే అంతా తలకిందులవుతుంది కదా.

ఆ ప్రకటన రాస్తున్నప్పుడు అతని చెయ్యి కాస్త తటపటాయించిన మాట నిజం. ఇంటికి ఫోన్ చేద్దామా అనుకున్నాడు. మామయ్యగారు ఉండగా ఆ ఇంట్లో సర్కారు మాట ఎవరు పాటిస్తారులే అని తనకి తానే ధైర్యం చెప్పుకున్నాడు. ఆయన అపనమ్మకం మీద అతనికి అంత నమ్మకం.

‘శుద్ధి ముమ్మరంగా పూర్తయినది. కుళాయి నీరు పరిశుభ్రం. మరిగించనక్కరలేదు. ప్రజలు నిర్భయంగా తాగవచ్చు.’ సర్కారు చానెల్లో మంత్రి స్వయంగా గ్లాసెత్తి తాగి చూపించాడు. అది వాళ్లావిడ ఇంట్లో మరిగించి సీసాలో పోసి ఇచ్చిన నీళ్లు.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. మంత్రి తాగుతుంటే చూసి రాజధానికి గుండె గుభేలుమంది. ‘ఇంతగా తాగమంటున్నారంటే ఎంత విషం కలిసిందో’ అనుకుంటూ ఇంటింటా పొయ్యిలు వెలిగించారు. కొందరు మరిగించిన నీళ్లనే మళ్లీ మరిగించారు. ప్రతిపక్ష నాయకుడు మంచం మీంచే, ప్రజలారా తాగకండి, ఇది కుట్ర అని పిలుపిచ్చాడు. ఖండన జీవితంలో ప్రతిపక్షం అతనికి చేసిన ఏకైక సాయం అదే. రెండు రోజులు తిరక్కుండా ఆసుపత్రులకి కొత్తగా వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ పసిపిల్ల కూడా గండం గడిచి బయటపడింది. మంత్రి అతని భుజం తట్టి, “నీలాంటివాడు ఇంకొకడుంటే దేశం బాగుపడేది,” అన్నాడు. ఖండన గాల్లో తేలుతూ గదికి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది.

“ఏమండీ,” అంది భార్య. “అత్తయ్యగారిని ఆసుపత్రిలో చేర్చాం. కంగారు పడకుండా రండి.”

వరండాలోనే ఆవిడ అంతా చెప్పింది. నిన్న సాయంత్రం మెట్ల దగ్గర అతని ప్రకటన గురించి ఒకటే నవ్వులట. ఖండనగారు మరిగించనక్కరలేదన్నాడంటే రెండుసార్లు మరిగించాల్సిందే అని దర్జీ అన్నాడట. నాన్న కూడా పకపకా నవ్వాడు, అంది తల దించుకుని. అత్తయ్యగారు లోపల్నించి అంతా విన్నారు. చల్లార్చి పెట్టుకున్న నీళ్లు తొట్లో పారబోసి, కుళాయి కింద గ్లాసు పట్టి, తీసుకెళ్లి అందరి మధ్యా నిలబడ్డారు. “మావాడు మరిగించమన్నాడు, మరిగించాను. ఇప్పుడు అక్కర్లేదన్నాడు, తాగుతున్నాను. మావాడు ఊరికే రాయడు,” అని గడగడా తాగేశారు. అంతటితో ఆగకుండా, ఎవరైనా సరిగ్గా చూడలేదేమోనని ఇంకో గ్లాసు కూడా తాగారట.

మామయ్యగారు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో రిమోట్ ఉంది. కంగారులో దాన్ని కూడా తెచ్చేశాడు. అల్లుణ్ణి చూసి దాన్ని వెనక్కి దాచుకున్నాడు.

తల్లి మంచం మీద వడిలిపోయి ఉంది. చేతికి సెలైన్ ఎక్కుతోంది. కొడుకుని దగ్గరికి రమ్మని సైగ చేసి, పక్క మంచం వాళ్లకి వినిపించకుండా గొంతు తగ్గించింది.

“నీళ్ల వల్ల కాదురా. నాకే ఏదో పడలేదు. డాక్టరు అడిగితే కూడా అదే చెప్పాను. నువ్వు ఎవరితోనూ అనకు, నీకు మాటొస్తుంది.”

అతనికి ఏడుపొచ్చింది. అక్కడే ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆవిడ అలాగే నమ్ముకుని ఇంటికొచ్చేది. కానీ ఆ అబద్ధం కూడా తన లెక్కలోనే పడుతుందని అతనికి తోచింది. ఒట్టు సంగతి మర్చిపోయి మొత్తం చెప్పేశాడు.

ఆవిడ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది.

“అయితే నీళ్లు బాగాలేవని నీకు తెలుసన్నమాట.”

“జనం మంచి కోసమేనమ్మా. నిజం చెబితే వినలేదు. ఎంతమంది బతికారో తెలుసా?”

“మంచిదే. నాకొక్కదానికి చెప్పొచ్చుగా?”

“ఇంట్లో మామయ్యగారు ఉన్నారుగా, ఎవరూ నమ్మరనుకున్నాను.”

“నేనున్నాను కదరా,” అంది ఆవిడ.

దుప్పటి భుజాల దాకా లాక్కుంది.

ఆవిడ కోలుకుని ఇంటికొచ్చేసరికి చెరువు దగ్గర యంత్రాలు కూడా కోలుకున్నాయి. నీళ్లు నిజంగానే బాగుపడ్డాయి. ఇప్పుడీ సంగతి ఊరికి ఎలా చెప్పాలో తెలియక మంత్రి తల పట్టుకున్నాడు. బాగున్నాయంటే ఎవరూ తాగరు. బాగాలేవంటే తాగుతారు, కానీ ఎన్నాళ్లని బాగాలేవని చెబుతూ పోతాం? “నువ్వే ఏదో ఒకటి ఆలోచించవయ్యా,” అన్నాడు. ఖండన, రేపు చెబుతాను సార్ అని లేచి, ఆఫీసుకి కాకుండా చెరువు దగ్గరికి వెళ్లాడు. యంత్రాలు తిరుగుతుంటే కళ్లారా చూశాడు. పరీక్ష చేసే అమ్మాయి పక్కన నిలబడి, ఆమె ఒక్కో సీసా వెలుతురుకెత్తి చూస్తుంటే తనూ చూశాడు. అక్కడి కుళాయి నీళ్లు కడుపు నిండా తాగాడు. నెల తరవాత మొదటిసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చాడు.

అందరూ భోజనాల బల్ల దగ్గర ఉన్నారు. అతను చేతులు కూడా కడుక్కోకుండా వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, గ్లాసు నింపి తెచ్చి తల్లి ముందు పెట్టాడు.

“అమ్మా, నీళ్లు బాగుపడ్డాయి. ఇది ప్రకటన కాదు. నేనే వెళ్లి చూసొచ్చాను. తాగొచ్చు.”

తల్లి గ్లాసు చేతిలోకి తీసుకుంది. కొడుకుని చూసి ఆప్యాయంగానే నవ్వింది. గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లి ఆగింది. కొడుకు మొహంలోకి ఒక్క క్షణం చూసి, అతను నొచ్చుకోకుండా మెల్లగా కిందికి దించింది. బల్లకి అటువైపు కూర్చున్న వియ్యంకుడి వైపు తిరిగింది.

“అన్నయ్యగారూ,” అంది, “మీరేమంటారు?”

మామయ్యగారు ఇన్నేళ్లుగా ఎదురుచూసిన గౌరవం అది. తీరా దక్కాక ఆయన మొహంలో రంగు లేదు. అల్లుడి వైపు చూశాడు, గ్లాసు వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

“అల్లుడు చెప్పాడుగా చెల్లెమ్మా... తాగొచ్చులే,” అన్నాడు.

“మీరు కూడానా!” అని ఆవిడ ఇంకా అనుమానంగా గ్లాసు తీసుకుని లేచింది. వంటింట్లో పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది.