గడియ ఉన్న గది

ఆ ఇంట్లో తలుపులకి లోటు లేదు, గడియలకే కరువు. అందులోనూ కొత్తకోడలి గది మరీ ఘోరం. బట్టలారేసే బాల్కనీకి దారి దాంట్లోంచే. పెళ్ళయి నెల దాటినా, మొగుడి చెయ్యి పట్టుకుందామనుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు తడి తువ్వాలు భుజాన వేసుకుని, "మీరు కానివ్వండి, మమ్మల్ని పట్టించుకోకండి" అంటూ మంచం పక్కనుంచి వెళ్ళేవాళ్ళు. ఒకసారి మామగారైతే పోతూ పోతూ ఫ్యాను కూడా కట్టేసి పోయాడు, కరెంటు దండగని.

అందుకే నది మీద విహారానికి పడవెక్కినప్పుడు ఆమె కొండల్ని చూడలేదు, నీళ్ళని చూడలేదు. తమ గది తలుపు చూసింది. దానికి ఇత్తడి గడియ ఉంది. వేసింది, తీసింది, మళ్ళీ వేసింది. టక్కుమని ఎంత ముద్దుగా పడుతోందో!

"అది ఆటబొమ్మ కాదు మేడమ్," అన్నాడు మొగుడు, పైకప్పుకి తల తగలకుండా నడుం వంచుకుని. స్నేహితులు అతన్ని నిచ్చెన అంటారు. ఆమె కూడా అదే అంటుంది. కాకపోతే కట్టుకున్నవాడు కాబట్టి చివర 'గారు' తగిలిస్తుంది.

"నిచ్చెనగారూ, దిగేదాకా ఈ గడియ తీసేది లేదు. భూకంపం వచ్చినా సరే."

భూకంపం రాలేదు. మొదట నిచ్చెనకి వాంతులొచ్చాయి. జోరువానలో పడవ ఊగుడుకి ఆ రాత్రంతా అతను బకెట్టునే కౌగిలించుకుని గడిపాడు. తెల్లారేసరికి వర్షం ఇంకా కురుస్తూనే ఉంది గానీ అతని మొహంలో కళ వచ్చింది. చిన్నగా నవ్వాడు. ఆమె పరిగెత్తుకెళ్ళి గడియ వేసింది.

అప్పుడే తలుపు దబదబా మోగింది.

"అమ్మా, సరంగుని. తలుపు తీయాలి."

పడవ నడిపేది ఆయనే. అయినా ఆమె తీయలేదు. "ఎందుకండీ?"

"ఊరొచ్చింది."

"ఏ ఊరు?"

"ఊరంటే ఊరే తల్లీ. మొత్తం."

కిటికీలోంచి చూస్తే నిజమే. పడవ ఒక గోడౌను మేడ కిటికీకి ఆనుకుని నిలబడి ఉంది. కిటికీలోంచి పడవలోకి చెక్క వేశారు. దాని మీంచి జనం దిగుతున్నారు.

"గట్టు తెగింది," తలుపవతల నుంచి సరంగు చెప్పాడు. "వర్క్‌షాపుల వీధి మునిగిపోయింది. వీళ్ళని వంతెన అవతల మెరకకి చేర్చాలి. నది పొంగి పడవ నెత్తి వంతెనకి తగిలేలా ఉంది. బరువు పెరిగితే పడవ కాస్త కిందకి దిగుతుంది. అందుకని అందర్నీ అడుగు గదుల్లో కుక్కుతున్నాను. అన్నీ నిండాయి, మీదే మిగిలింది."

గడియ మీద చెయ్యి అలాగే ఉంచి ఆమె కళ్ళు మూసుకుంది. ఆ బాల్కనీ తన వెనకాలే పడవెక్కి వచ్చిందా ఏమిటి? నిచ్చెన వైపు చూసింది. "నీ ఇష్టం," అన్నాడతను. అలా అనేటప్పుడు అతని మొహం చూస్తే మనిషన్నవాడెవడూ గడియ వేసుకుని కూర్చోలేడు. ఆమె మాత్రం కూర్చుందామనే అనుకుంది. ఎవరైనా గట్టిగా అరిస్తే తానూ అరవడానికి గొంతు సవరించుకుంది కూడా.

బయట ఎవరో ముసలామె అంది: "కొత్తజంటటరా, పాపం. మనం మెట్ల మీద కూర్చుందాం పదండి."

మాటకి మాట చెప్పొచ్చు. పాపం అన్నవాళ్ళకి ఏం చెబుతాం? ఆమె గడియ తీసేసింది.

ముందు కుట్టుమిషను వచ్చింది, దాని వెనక ఆ మాటన్న టైలరమ్మ. ఇద్దరు వెల్డర్లు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు. బరువున్నవి తెచ్చుకోమన్నారు కదా అని బార్బరు తన తిరిగే కుర్చీ మోసుకొచ్చి గది మధ్యలో వేసుకుని కూర్చున్నాడు. మంచం మీద జాగా అయిపోయాక టైలరమ్మ నీళ్ళోడుతున్న కొంగు పిండుకుంటూ వాళ్ళ వైపు తిరిగింది.

"మీరు కానివ్వండమ్మా, మమ్మల్ని పట్టించుకోకండి."

ఆమెకి నవ్వాగలేదు. గోడకి చేరబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా గదిలో వాళ్ళూ నవ్వారు.

ఇంతలో సరంగు మళ్ళీ తల దూర్చాడు. "ఇద్దరు కావాలి. పైకప్పు మీద వెల్లకిలా పడుకుని, వంతెనకీ మనకీ ఎంత సందుందో కేకెయ్యాలి. నా మనుషులంతా గెడలు పట్టుకుని పక్కల కాపలా ఉన్నారు."

"పైన ఇంకెవరుంటారు?" అనుమానంగా అడిగింది ఆమె.

"ఎవరుంటారమ్మా? పురుగు కూడా ఉండదు."

ఆమె, నిచ్చెన ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"మేం వెళతాం!"

"ఈ కాలం పిల్లలకి ఎంత సేవాభావమండీ!" అన్నాడు బార్బరు కుర్చీ తిప్పి. ఆమె వినయంగా తల దించుకుంది, నవ్వు కనపడకుండా.

సరంగు ఇద్దరికీ లైఫ్ జాకెట్లు తొడిగి, ఒకే తాడుతో ఇద్దర్నీ కలిపి పైకప్పుకి కట్టేశాడు. "లేవకండి. తల ఎత్తకండి. తగులుతుందనిపిస్తే అరవండి, పడవ వెనక్కి లాగుతాను."

వానచినుకులు సూటిగా ముక్కు మీద పడుతున్నాయి. పడవ కదిలింది. కాళ్ళవైపు నుంచి వంతెన నల్లగా దగ్గరికొస్తోంది.

"పాదాలు వాల్చండి నిచ్చెనగారూ, ముందు తగిలేది అవే."

"మూరెడు!" అరిచాడతను.

"జానెడు!" ఆమె అరిచింది.

వంతెన కడుపు వాళ్ళ మీదుగా పాకింది. చీకటి. తడి ఇనుము వాసన. దూలాల సందుల్లో రెండు పావురాలు. కింద గదుల్లో ఊరంతా ఊపిరి బిగబట్టినట్టుంది, పడవ ఇంజను చప్పుడు తప్ప ఏదీ వినపడటం లేదు. తడి తువ్వాలుతో వచ్చేవాళ్ళు లేరు. ఫ్యాను కట్టేసేవాళ్ళు లేరు. గడియ వేయడానికి తలుపే లేదు.

"బెత్తెడు!" అన్నాడు నిచ్చెన, ఈసారి గుసగుసగా. మొహం ఆమె వైపు తిప్పాడు. అంతకంటే ఎక్కువ కదలడానికి చోటు లేదు, అవసరమూ రాలేదు. పావురాలు మొహాలు తిప్పుకున్నాయి.

"ఏమమ్మా!" కింద నుంచి సరంగు గావుకేక పెట్టాడు. "కేకల్లేవేం? తగులుతోందా?"

ఆమె గబుక్కున వంతెన వైపు చూసింది. దూలం, సందు, అంతా అలాగే ఉంది. కాళ్ళవైపు దూరంగా అవతలి వెలుగు అప్పుడే కనపడుతోంది.

"తగలట్లేదండీ, బెత్తెడుంది!" గొంతు చించుకుని అరిచింది. "కానీ మెల్లగా పోనివ్వండి! ఇంకా మెల్లగా!"