ఎగరని నల్ల బంతి

సైన్సు కిట్టు పెట్టెలో రెండు నల్ల బంతులు వచ్చాయి. రెండూ నిమ్మకాయంత, చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఒకదాన్ని నడుము ఎత్తు నుంచి గచ్చు మీద వదిలితే, అది సబీహా మోకాలు దాటి లేచింది. రెండోది పడిన చోటే టప్పుమని ఆగిపోయింది.

"అది పాడైంది మేడమ్," అన్నాడు హెడ్మాస్టరు రవిచంద్ర. "రేపు మధ్యాహ్నంలోపు పనికిరాని వస్తువుల ఫోటోలు అప్‌లోడ్ చెయ్యాలంట. దీన్నీ వాటిలో కలిపెయ్యండి."

సబీహా తలూపింది. వెల్దుర్తి మండలంలోని ఆ హైస్కూల్లో ఆమె ఫిజికల్ సైన్స్ టీచరు. రోజూ మాచర్ల నుంచి బస్సులో వచ్చిపోతుంది. జూన్‌లో లెక్కల మాస్టారు బదిలీ అయ్యాక ఆయన క్లాసులు కూడా ఆమె మీదే పడ్డాయి. ఒకేలా ఉన్న రెండు బంతుల్ని ఎందుకు పంపారో చూద్దామంటే పెట్టెలో ఉండాల్సిన పుస్తకం లేదు. వెతికే ఓపిక ఆమెకూ లేదు. ఫోన్లో ఛార్జింగ్ అయిపోవడంతో, ఇంటి దగ్గర ఫోటో తీద్దామని రెండింటినీ హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఇంట్లో ఆమె భర్త జమాల్ కిటికీ పక్కన మంచం మీద పడుకుని ఉన్నాడు. పిడుగురాళ్లలో ఇరవై ఆరేళ్లు లారీ మెకానిక్కుగా చేసినవాడు. కిందటి డిసెంబరులో గేరుబాక్సు దించుతుంటే జాకీ జారి ఆ బరువంతా నడుము మీద పడింది. ఆపరేషన్ అయింది. నెమ్మదిగా నడవగలడు గానీ బరువెత్తకూడదు, ఎక్కువసేపు కూర్చోకూడదు. మొదట్లో స్నేహితులు వచ్చి పలకరించి వెళ్లేవారు. తర్వాత రావడం తగ్గింది. అతని మాటలు కూడా తగ్గాయి. అన్నం పెట్టనా అంటే ఊఁ, చాలా అంటే ఊఁ.

ఫోన్ కాస్త ఛార్జ్ అయ్యాక సబీహా మంచం అంచున బంతులు పెట్టి ఫోటో తీయబోయింది. జమాల్ వాటిలో ఎగరనిదాన్ని అందుకుని బొటనవేలితో నొక్కాడు. వాసన చూశాడు.

"ఏందిది?"

"సైన్సు బంతి. పాడైపోయింది, ఎగరట్లేదు."

"పాడైందని ఎవరన్నారు?"

"మా హెడ్మాస్టరు."

అతను మంచం మీద నుంచే బంతిని కింద పడేశాడు. ఆమె తీసిచ్చింది. మళ్లీ పడేశాడు. మూడోసారి అతని పెదవుల మీద చిన్న నవ్వు కనిపించింది.

"ఇది పాడైంది కాదు సబీహా. కావాలనే ఇట్టా చేశారు. లారీ ఇంజను కింద రబ్బరు దిమ్మలు పెడతాం చూడు, వాటికి ఇట్టాంటి గుణమే ఉండాలి. ఎగిరే రబ్బరు పెట్టావనుకో, ఇంజను ఊపంతా తిరిగి బండికే కొడతది. డ్రైవరు పళ్లు రాలతయి."

సబీహా ఫోన్ పక్కన పెట్టి కూర్చుంది. అతను ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. సగం జవాబు తనకు తెలుసు. అయినా అతని నోట వినాలనిపించి అడిగింది.

"మరి దానికుండి దీనికి లేంది ఏంటి?"

"కింద పడ్డప్పుడు రెండూ నొక్కుకుంటయి. ఆ ఎగిరేది చటుక్కున మళ్లీ తన ఆకారానికి వస్తది. నేలని తన్ని లేస్తది. ఇది తాపీగా వస్తది. ఈలోపు ఆ దెబ్బ బలమంతా లోపల రాపిడికే పోద్ది, వేడైపోద్ది. ఒక్క దెబ్బకి మన చేతికి తెలవదు. సున్నపురాయి లోడుతో తిరిగొచ్చిన లారీ టైరు మీద చెయ్యి పెట్టి చూడు, ఎండ లేకపోయినా కాలుద్ది. అదీ ఇదే."

"ఈ మాట మా పిల్లలకు వచ్చి చెప్తారా?"

అడిగాక తొందరపడ్డానేమో అనుకుంది. జమాల్ బంతిని ఇంకోసారి నొక్కి చూశాడు.

"బస్సులో ఎంతసేపు?" అన్నాడు.

మర్నాడు ఆమె పంపిన ఫోటోల్లో బంతి లేదు. జమాల్ చెప్పింది వివరించబోతే రవిచంద్ర మధ్యలోనే చెయ్యి ఊపాడు. "మీ ఇష్టం మేడమ్. పైనుంచి అడిగితే మీరే చెప్పుకోవాలి."

ఆ తర్వాతి రోజు పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. ఇంట్లో ఉన్న, ఇంజను కింద పెట్టే పాత రబ్బరు దిమ్మను సబీహా తన సంచిలో వేసుకుంది. బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. రోజూ అదే బస్సులో పత్తి చేలకు పనికి వెళ్లే ఆదిలక్ష్మమ్మ లేచి, "కూర్చో అన్నా, నడుం పట్టుకుని నిలబడ్డావు," అని సీటిచ్చింది. గుంట వచ్చినప్పుడల్లా జమాల్ పెదవులు బిగుసుకోవడం సబీహా చూస్తూనే ఉంది. సగం దారిలో వెనక్కి తిరిగిపోదామా అని అడిగింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఎనిమిదో తరగతి గది గోడ మీద సబీహా సుద్దముక్కతో మీటరు వరకు గీతలు గీసింది. క్రికెట్ బంతి, టెన్నిస్ బంతి, రెండు నల్ల బంతులు చూపించి ఏది ఎక్కువ ఎగురుతుందో ముందుగా చెప్పమంటే, ఎక్కువమంది క్రికెట్ బంతికే చేతులెత్తారు. అదే గట్టిది, అదే బరువైనది. దీపశ్రీ అనే పొడుగుపాటి అమ్మాయి గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని గీతలు చదివింది. మీటరు ఎత్తు నుంచి వదిలితే క్రికెట్ బంతి ముప్పై సెంటీమీటర్లు దాటలేదు. టెన్నిస్ బంతి యాభై ఐదు. ఎగిరే నల్ల బంతి ఎనభై. రెండో నల్ల బంతి కింది గీత కూడా అందుకోలేదు, దీపశ్రీ టీచరు వైపు చూసింది. క్లాసంతా నవ్వింది.

"గట్టిగా ఉంటే ఎగురుద్దని నేనూ అనుకునేవాణ్ణి," అన్నాడు జమాల్ కుర్చీలోంచి. "గట్టిదనం కాదు. నొక్కుకున్నాక ఎంత తిరిగిస్తది, ఎంత మింగుద్ది, అది చూడాలి."

ఇంజను దిమ్మను పిల్లలు చేతులు మార్చుకుంటూ చూశారు. టైరు వేడెక్కే సంగతి జమాల్ చెప్పాడు. టెన్నిస్ బంతి పాతబడితే ఎందుకు ఎగరదని ఒకరు అడిగితే, లోపలి గాలి మెల్లగా బయటికి పోతుందన్నాడు. సబీహా అందరినీ పంపు దగ్గరి తడినేలకు తీసుకెళ్లి ఎగిరే బంతిని అక్కడ వదిలింది. అది బురదలో చిన్న గుంట చేసుకుని ఆగిపోయింది. బంతి ఒక్కటే కాదు, పడే నేల కూడా చూడాలని చెప్పింది.

"నల్ల బంతి దేంతో చేశారు సార్?" దీపశ్రీ జమాల్‌ను అడిగింది.

"పేరు నాకు తెలవదమ్మా. నేను చదివింది ఐదు. మీ టీచర్ని అడుగు."

"రేపు చూసొచ్చి చెప్తాను," అంది సబీహా.

గంట కొట్టేసరికి నొప్పితో జమాల్ ముఖం పాలిపోయింది. స్టాఫ్ రూములో బెంచీ మీద పడుకోబెట్టారు. రవిచంద్ర వచ్చి రెండు బంతుల్నీ రెండుసార్లు వదిలి చూశాడు. "ఇట్టాంటిది ఉంటదని మాకెవరూ చెప్పలేదండీ," అన్నాడు. మధ్యాహ్నం తనే ఫోన్ చేసి ఆటో పిలిపించాడు.

రెండు రోజులు జమాల్ మంచం దిగలేకపోయాడు. సబీహా ఒకరోజు సెలవు పెట్టి వేడినీళ్లతో కాపడం పెట్టింది.

"నా వల్లే ఇదంతా," అంది.

"నీ వల్ల కాదు. ఎనిమిది నెలలు ఊరికే ఉన్న నడుం. వాడితే నొప్పి చెయ్యదా?"

ఆదివారం ఆమె వంటింట్లోంచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. కంగారుగా వీధిలోకి వచ్చింది. వీధి చివర తన్వీర్ మెకానిక్ షెడ్డులో జమాల్ ఒక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. తన్వీర్ ఒకప్పుడు అతని దగ్గర పని నేర్చుకున్నవాడు. ట్రాక్టరు కింద నుంచి తల బయటికి పెట్టి వింటున్నాడు.

"ఆ రబ్బరు వద్దు, చానా గట్టిది. పగిలిపోద్ది," అంటున్నాడు జమాల్. ఆమెను చూసి, "పావుగంట ఆగు," అన్నాడు.

ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టరు చెప్పిన మాట ఆమె నోటిదాకా వచ్చింది. కానీ వాదించే ఓపిక లేకపోయింది. గోడవారగా ఉన్న పాత టైరు మీద కూర్చుంది. కాళ్లు లాగుతున్నాయి. తన్వీర్ చేతులు తుడుచుకుని టీ చెప్పడానికి వెళ్లాడు. పావుగంట ఎప్పుడో దాటింది. ఆమెకు గానీ జమాల్‌కు గానీ లేవాలనిపించలేదు.